అలెగ్జాండర్ మొయిసీ: యాస వదలకుండానే జర్మన్ రంగస్థలాన్ని ఏలిన నటుడు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఆస్ట్రియాలోని సాల్స్‌బర్గ్ నాటకోత్సవంలో తొలిసారి ‘యేడర్‌మన్’ (‘ప్రతి మనిషి’ అనే నాటకంలో ప్రధాన పాత్ర) వేషం కట్టిన అలెగ్జాండర్ మొయిసీకి జర్మన్ మాతృభాష కాదు, చివరిదాకా ఆయన మాటలో పరాయి యాస వినిపిస్తూనే ఉండేది. అలాంటి మనిషి ఆ భాషలో అంత పెద్ద నటుడు ఎలా అయ్యారన్నది మొదటిది. అంత పేరు వచ్చాక సాల్స్‌బర్గ్‌కు ఎందుకు దూరమయ్యారన్నది రెండోది. నటులకు వాచికం, అంటే మాట పలికే తీరు, నేర్పడమే నా పని కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను. నా దృష్టిలో రెండింటికీ జవాబు ఒకటే. ఆ గొంతు వినగానే ఇతడు ఇక్కడివాడు కాదని తెలిసిపోయేది. ఆయనకు పేరు తెచ్చింది అదే, తర్వాత ఆయన మీదికి జనాన్ని ఉసిగొల్పడానికి పనికివచ్చిందీ అదే.

ముందుగా, ఆనాటి జర్మన్ నాటకశాలకు ఉచ్చారణ మీద ఎంత పట్టింపు ఉండేదో తెలియాలి. జర్మన్ మాట్లాడే ప్రాంతం ఒక్క దేశం కాదు. వియన్నా మాట వేరు, బెర్లిన్ మాట వేరు, హాంబర్గ్ మాట మరీ వేరు. పెద్ద ఊళ్లన్నింటిలో రాజాస్థానమో నగరపాలకులో పోషించే నాటకశాల, అందులో నెలజీతం మీద పనిచేసే నటబృందం ఉండేవి. నటుడు ఈ ఏడాది ప్రాగ్‌లో ఉంటే వచ్చే ఏడాది బెర్లిన్‌లో ఉండవచ్చు. అందువల్ల అన్ని ఊళ్లకూ చెల్లే ఒకే ఉచ్చారణ అవసరమైంది. 1898లో టియోడోర్ జీబ్స్ అనే భాషావేత్త నాటకశాలల పెద్దలతో కూర్చుని రంగస్థల ఉచ్చారణకు నియమాలు కూర్చి పుస్తకంగా తెచ్చారు. ఏ హల్లును ఎంత ఒత్తి పలకాలో, ఏ అచ్చును ఎంతసేపు నిలపాలో అందులో ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఇరవై ఏళ్లు కూడా నిండని మొయిసీ అరకొర జర్మన్‌తో వియన్నాలో అడుగుపెట్టారు.

ఆయన 1879 ఏప్రిల్ 2న ట్రియెస్టెలో పుట్టారు. ఇప్పుడది ఇటలీలో ఉంది కానీ అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యానికి ప్రధానమైన ఓడరేవు. తండ్రి అల్బేనియా నుంచి వచ్చిన వర్తకుడు. తల్లిది ఎన్నో తరాల కిందటే ఇటలీలో స్థిరపడ్డ అల్బేనియన్ల వంశం. బాల్యంలో కొంతకాలం అల్బేనియా తీరంలోని దుర్రెస్‌లో గడిచింది. నోటికి అలవాటైన భాష ఇటాలియన్. జర్మన్ చదువు ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో బడికి వెళ్లినప్పటి మాట. వియన్నాకు వచ్చింది గాయకుడు కావాలనే కోరికతో. ఈ సంగతిని గుర్తుపెట్టుకోండి, ఆయన నటనలో సగం రహస్యం ఇక్కడే ఉంది.

పాట కుదరలేదు. బుర్గ్‌థియేటర్‌లో మాటలు లేని చిన్న వేషాలు దొరికాయి. అది చక్రవర్తి ఆస్థాన నాటకశాల. జర్మన్ మాట్లాడే నటుడికి అంతకు మించిన గద్దె లేదు. 1899లో అక్కడ చేరిన యోజెఫ్ కైన్జ్ అప్పటికే ఆ భాషలో అగ్రనటుడు. ఫ్రెంచ్ నాటకకర్త మోలియేర్ ‘టార్ట్యూఫ్’లో కైన్జ్ ప్రధాన పాత్ర వేస్తుంటే, మొయిసీది నోరు విప్పని సేవకుడి వేషం. ఆ కుర్రవాడు నిలబడే తీరు, చూసే తీరు కైన్జ్ కళ్లలో పడింది. ఇతడిలో నటుడున్నాడని గట్టిగా చెప్పి, ప్రాగ్‌లోని జర్మన్ నాటకశాలకు వెళ్లే దారి చూపించారు. కైన్జ్ స్వయంగా హంగరీ గడ్డ మీద పుట్టినవారు. మాటను మెరుపు వేగంతో, లయతో పలికి పాతకాలపు గంభీర వాచికాన్ని తోసిరాజన్నవారు. మాటలేని వేషంలో ఉన్నవాణ్ణి గుర్తించడం ఆయనలాంటివారికే చెల్లింది. ఆ సేవకుడు నోరు తెరిచి నాలుగు జర్మన్ వాక్యాలు చెప్పి ఉంటే పెద్దలు అక్కడికక్కడే ఇంటికి పంపేసేవారేమోనని నా అనుమానం.

ప్రాగ్‌లో రెండు మూడేళ్లు పనిచేశాక బెర్లిన్ వచ్చి దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ బృందంలో చేరారు. ఇక్కడే దెబ్బలు మొదలయ్యాయి. ఉచ్చారణ మీద బెర్లిన్ విమర్శకులు విరుచుకుపడ్డారు. ప్రేక్షకుల్లోనూ నవ్వినవారున్నారు. రైన్‌హార్ట్ మాత్రం మొండిగా వేషాల మీద వేషాలు ఇస్తూ పోయారు. ఒక దర్శకుడు ఒక నటుడిని ఇంతకాలం ఇంత వ్యతిరేకత మధ్య నిలబెట్టడం నాటకచరిత్రలో అరుదు. రైన్‌హార్ట్ కూడా మొదట నటుడే. మిగతావారికి తప్పుగా వినిపించినది ఆయనకు కొత్తగా వినిపించింది.

ఆ నమ్మకం ఫలించింది 1906లో. 1905లో బెర్లిన్‌లోని డాయిచెస్ థియేటర్ అనే నాటకశాల పగ్గాలు చేపట్టిన రైన్‌హార్ట్, దాని పక్కనే కామెర్‌స్పీలె పేరుతో మూడు వందల పైచిలుకు మంది మాత్రమే పట్టే చిన్న నాటకశాల ఏర్పాటు చేశారు. 1906 నవంబర్ 8న నాటకకర్త ఇబ్సెన్ ‘ప్రేతాలు’తో అది తెరుచుకుంది. రంగాలంకరణ కోసం చిత్తరువులు గీసింది నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మూంక్. తల్లి పాత్రలో ఆగ్నెస్ జోర్మా, తండ్రి పాపాన్ని రోగంగా మోసే కొడుకు ఓస్వాల్డ్‌గా మొయిసీ. అరవనక్కర్లేని చోట, గుసగుస కూడా చివరి వరుసకు చేరే చోట ఆ గొంతు మొదటిసారి తన అసలు గుణం చూపించింది. అదే నెలలో అదే వేదిక మీద జర్మన్ నాటకకర్త వేడెకిండ్ ‘వసంత జాగృతి’ వచ్చింది. 1891లో అచ్చయి, సెన్సార్ భయంతో పదిహేనేళ్లు వేదిక ఎక్కని నాటకం అది. అందులో చదువు భారానికి, లోలోపలి తికమకకు తట్టుకోలేక ప్రాణం తీసుకునే విద్యార్థి మోరిట్స్ పాత్ర మొయిసీది. ఆ రెండు వేషాలతో నవ్వులు ఆగిపోయాయి.

ఇంతకీ ఆ గొంతులో ఏముంది? జర్మన్ రంగస్థల వాచికం ప్రధానంగా హల్లుల మీద నడుస్తుంది. మాట చివర హల్లును తెగ్గొట్టినట్టు పలకడం అక్కడ నైపుణ్యం. మొయిసీ ఇటాలియన్ నోటికి అది సరిపడలేదు. ఆయన బరువంతా అచ్చుల మీదికి మార్చారు. అచ్చును సాగదీసి, దాని మీదే స్థాయి పెంచి తగ్గించి, వాక్యాన్ని ఒక్క ఊపిరిలో పైకి తీసుకెళ్లి చివర గాలిలో వదిలేస్తారు. వినేవారికి అది మాటకూ పాటకూ మధ్య ఎక్కడో నిలిచినట్టు ఉంటుంది. గాయకుడు కాలేకపోయిన మనిషి నేర్చిన శ్వాస ఇలా నాటకంలో పనికివచ్చింది. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. యాస ఉన్నా మాట అర్థం కాకపోవడమన్నది ఉండేది కాదు. పలుకు స్పష్టంగా చివరి బెంచీ దాకా చేరేది. ‘యాస పోగొట్టుకోవాలా?’ అని అడిగే విద్యార్థులకు నేను చెప్పేది ఇదే: ముందు మాట అందనివ్వండి, యాస సంగతి తర్వాత చూద్దాం.

1912 ఫిబ్రవరి చివర్లో ప్రాగ్‌లో మొయిసీ కవితలూ వచనమూ చదివిన సభకు వెళ్లిన శ్రోతల్లో రచయిత ఫ్రాన్స్ కాఫ్కా ఒకరు. ఆయన డైరీలో ఆ సాయంత్రం గురించి ఉంది. మొయిసీ చేతులు మోకాళ్ల మధ్య ముడిచి పెట్టుకుని, చూపు పుస్తకం మీద నిలిపి, పైకి ప్రశాంతంగా కూర్చున్నారట. గొంతు మాత్రం పరుగెత్తుతున్న మనిషి ఊపిరితో వినేవారి మీదికి వచ్చిందట. ఆ వర్ణన నాకు వంద సమీక్షల పెట్టు. కదలని శరీరం, పరుగెత్తే శ్వాస. నటులకు వాచికం చెప్పేటప్పుడు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ తర్వాతి ఏళ్లలో ఆయన చేసిన పాత్రలను వరసగా చెబితే పట్టికలా ఉంటుంది. హామ్లెట్, లియర్ రాజు దగ్గర విదూషకుడు, సర్కస్ వేదికల మీద రష్యా దాకా తీసుకెళ్లిన ఈడిపస్. వీటన్నింటికన్నా ఆయన పేరుతో కలిసిపోయింది టాల్‌స్టాయ్ ‘సజీవ శవం’లోని ఫేద్యా. బెర్లిన్‌లో 1913లో రైన్‌హార్ట్ దర్శకత్వంలో వచ్చింది. భార్యకు విముక్తి ఇవ్వడానికి చచ్చిపోయినట్టు నటించి, తాగుడులోకీ జిప్సీ పాటల్లోకీ జారిపోయే మంచివాడి కథ. బలహీనుడు, అయినా ప్రేక్షకుడు అసహ్యించుకోలేడు. అప్పటిదాకా జర్మన్ రంగస్థలంలో కథానాయకుడంటే వెడల్పాటి ఛాతీ, కంచు గొంతు. మొయిసీ సన్నని మనిషి, పెద్ద కళ్లు, ఓడిపోతున్న స్వరం. ఓడిపోయేవాణ్ణి నాయకుడిగా నిలబెట్టడమే ఆయన తెచ్చిన అసలు మార్పు. ఫేద్యా పాత్రను ఆయన ఖండాలు దాటించి, జీవితాంతం ఆడుతూనే ఉన్నారు.

మొదటి ప్రపంచయుద్ధం సంగతి త్వరగా చెప్పేస్తాను. 1914లో జర్మన్ పక్షాన స్వచ్ఛందంగా చేరి విమాన చోదనం నేర్చుకున్నారు. 1915లో ఫ్రెంచివారికి పట్టుబడ్డారు. ఆరోగ్యం దెబ్బతిని 1917లో ఖైదీల మార్పిడిలో స్విట్జర్లాండ్‌కు వచ్చారు. ‘పరాయివాడు’ అని ఆయనను తర్వాత తిట్టినవారు ఈ ముక్క ఎప్పుడూ ఎత్తలేదు.

ఇక ‘యేడర్‌మన్’. ఆస్ట్రియా కవి హ్యూగో ఫాన్ హోఫ్‌మన్‌స్టాల్ పాత ఆంగ్ల నీతినాటకం ఆధారంగా రాసినది. ధనవంతుడికి మృత్యువు పిలుపు వస్తుంది. స్నేహితులు, బంధువులు, డబ్బు అందరూ తప్పుకుంటారు. సత్కార్యాలూ విశ్వాసమూ మాత్రం సమాధి దాకా తోడు వస్తాయి. తొలి ప్రదర్శన 1911 డిసెంబర్ 1న బెర్లిన్‌లోని షూమన్ సర్కస్ భవనంలో, వేలమంది ముందు. ప్రధాన పాత్ర మొయిసీదే. అక్కడి విమర్శకులు పెదవి విరిచారు. 1920 ఆగస్టు 22న రైన్‌హార్ట్ ఆ నాటకాన్నే సాల్స్‌బర్గ్ కెథెడ్రల్ ముందున్న చౌకులో ఆడించారు. సామ్రాజ్యం పోయింది, ఆస్ట్రియా చిన్న దేశమైపోయింది, తిండికి కూడా కటకట. అలాంటి రోజుల్లో సాయంత్రపు ఎండ వాలుతుండగా, చర్చి బురుజుల మీది నుంచీ కొండమీది కోట నుంచీ ‘యేడర్‌మన్!’ అని పిలుపులు. విందు బల్ల ముందున్న మొయిసీ ఆ పిలుపు విని బిగుసుకుపోయే క్షణం గురించి చూసినవారు దశాబ్దాల తర్వాత కూడా రాశారు. మృత్యువుగా వెర్నెర్ క్రౌస్, ప్రియురాలిగా మొయిసీ రెండో భార్య యోహానా టెర్విన్. సాల్స్‌బర్గ్ ఉత్సవం ఆ రోజే పుట్టింది. మొయిసీ 1920, 1921లోనూ, మళ్లీ 1926 నుంచి 1931 దాకానూ ఆ పాత్ర వేశారు.

ఆరుబయట, మైకు లేకుండా, రాతి గోడల మధ్య వేలమందికి వినిపించాలి. హల్లులు గాలికి పోతాయి, అచ్చులు నిలుస్తాయి. మొయిసీ పద్ధతి అలాంటి చోటుకు కుదిరినట్టు మరెవరిదీ కుదరలేదు. చిన్న గదిలో గుసగుసకు సరిపోయిన గొంతే చౌకులోనూ సరిపోవడం వింతగా అనిపించవచ్చు. రెండు చోట్లా పనిచేసింది శ్వాసే, శబ్దం పెంచడం కాదు.

1920ల నాటికి ఆయన ఒక బృందానికి కట్టుబడి ఉండడం దాదాపు మానేసి, ఊరూరా అతిథి నటుడిగా తిరగడం మొదలుపెట్టారు. 1927 చివర్లో రైన్‌హార్ట్ బృందంతో న్యూయార్క్ వెళ్లి జర్మన్‌లోనే ఆడారు. షేక్స్‌పియర్ ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’లో ఓబెరాన్, ఆ తర్వాత యేడర్‌మన్. 1929లో అమెరికాలోనే తీసిన ‘డీ కోనిగ్స్‌లోజె’ సినిమాలో పాతకాలపు ఆంగ్ల నటుడు ఎడ్మండ్ కీన్ పాత్ర వేశారు. ఇది జర్మన్ భాషలో తొలినాటి టాకీల్లో ఒకటి. జీబ్స్ నియమాల ప్రకారం చూస్తే జర్మన్ సరిగా రాని మనిషి, జర్మన్ సినిమా గొంతు విప్పిన తొలి రోజుల్లోనే కథానాయకుడు!

ఇక్కడ ఆయన అభిమానులకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. తిరుగుడు ఎక్కువైన కొద్దీ ఆ రాగం అలవాటైపోయింది. పాత్ర ఏదైనా వాక్యం అదే వంపు తిరుగుతుంది. పక్క నటులు ఊరికొకరు మారుతుంటే వారితో కలిసి కొత్తగా వెతుక్కునే అవకాశమూ పోతుంది. పైగా కాలం మారింది. ఫ్రిట్స్ కోర్ట్నర్ లాంటి కొత్త నటులు కరుకుగా, పదునుగా మాట్లాడుతుంటే మొయిసీ పలుకు నిన్నటిదిగా వినిపించింది. మన దగ్గర కూడా అదే తరంవారైన బళ్లారి రాఘవ, రాగం ఎక్కువైతే భావం చస్తుందని పద్యనాటకం మీద ఆ రోజుల్లోనే యుద్ధం చేశారు. మొయిసీ చివరి దశ గురించి చదివినప్పుడల్లా నాకు రాఘవ వాదనే గుర్తొస్తుంది. అయితే మొయిసీ రాగం మొదట భావం నుంచే పుట్టింది. చెడిపోయింది పునరుక్తి వల్ల.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. మొయిసీ యూదుడు కాదు. కానీ పేరు వినడానికి యూదుల పేరు మోషేలా ఉంది, గురువు రైన్‌హార్ట్ యూదుడు, మాట పరాయిది. యూదద్వేషులకు ఆ మాత్రం చాలు. సాల్స్‌బర్గ్ ఉత్సవం మీద, పవిత్రమైన చర్చి ముందు వీళ్ల వేషాలేమిటని మొదటి నుంచీ గొణుగుడు ఉండేది. 1931లో సాకు దొరికింది. తాను రాస్తున్న రచన కోసం ప్రసవం ఎలా ఉంటుందో చూడాలని మొయిసీ అక్కడి ఆసుపత్రిలో అనుమతి తీసుకుని చూశారు. సంగతి బయటికి పొక్కగానే పత్రికలు భగ్గుమన్నాయి. ఆయన చేసిన పని తెలివైనదని నేను అనను. రచన కోసమైనా ఆ గదిలోకి అడుగుపెట్టకుండా ఉండాల్సింది. కానీ ఆ గొడవలో వినిపించిన తిట్లు ఆ తల్లి మర్యాద కోసం పుట్టినవి కావు. ఎప్పటి నుంచో నోటి చివర ఉన్నవి అప్పుడు బయటికి వచ్చాయి. 1932లో యేడర్‌మన్ పాత్ర పౌల్ హార్ట్‌మన్‌కు వెళ్లింది. 1933లో హిట్లర్ గద్దెనెక్కాక జర్మనీ తలుపులూ మూసుకున్నాయి. ఆయన ఇటలీ వైపు తిరిగి, ‘లోరెంజినో దె మెదిచి’ అనే ఇటాలియన్ సినిమాలో నటించారు. జీవితమంతా ఇటాలియన్ యాసతో జర్మన్ మాట్లాడిన మనిషి చివరికి తన చిన్ననాటి భాషకే తిరిగి వెళ్లారు.

ఆఖరి ఘట్టాన్ని ఆస్ట్రియా రచయిత ష్టెఫాన్ స్వైగ్ తన జ్ఞాపకాల్లో చెప్పారు. ఇటాలియన్ నాటకకర్త పిరాండెల్లో తన కొత్త నాటకాన్ని వియన్నాలో మొయిసీతో ఆడించాలనుకున్నారు. అనువాదంలో తన వచనపు సంగీతం పోతుందేమోనని ఆయనకు భయం. స్వైగ్ అనువదించాలని మొయిసీ ద్వారా అడిగించారు. స్వైగ్ వెనకాడారు. కారణం విచిత్రమైనది. యువకుడిగా ఆయన రాసిన నాటకంలో నటించాల్సిన నటుడు మట్కోవ్‌స్కీ మరణించారు. తర్వాత ఆయన రచనలో నటించాలనుకున్న కైన్జ్ 1910లో క్యాన్సర్‌తో పోయారు. మరో నాటకం తలపెట్టిన బుర్గ్‌థియేటర్ అధిపతి బెర్గెర్ కూడా ప్రదర్శనకు ముందే పోయారు. అందుకే నాటకం జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నారట. ఇది అనువాదమే కదా, సొంత రచన కాదు కదా అని సర్ది చెప్పుకుని ఒప్పుకున్నారు. సాధన మొదలవుతుండగా మొయిసీకి జ్వరం పట్టుకుంది. 1935 మార్చిలో, యాభై ఆరు నిండకుండానే, వియన్నాలో న్యుమోనియాతో కన్నుమూశారు. స్వైగ్ దీన్ని శాపంగా రాసుకున్నారు. ముప్పై ఏళ్లలో నలుగురు నాటకరంగ ప్రముఖులు పోవడంలో నాకు శాపమేమీ కనబడదు. ఆ జాబితాలో కైన్జ్, మొయిసీ ఇద్దరూ ఉండడం మాత్రం గమనించదగ్గది. ఒకరు వెలికితీసినవారు, మరొకరు వెలికివచ్చినవారు.

ఆయన సమాధి స్విట్జర్లాండ్‌లో లుగానో సరస్సు ఒడ్డున ఉన్న మోర్కోటెలో ఉంది. అక్కడి భాష ఇటాలియనే. అల్బేనియా ఆయనను తనవాడిగా గట్టిగా చెప్పుకుంటుంది. దుర్రెస్‌లో నాటకశాలకూ విశ్వవిద్యాలయానికీ అలెక్సాందెర్ మోయిసియు అని ఆయన పేరే పెట్టారు. అల్బేనియన్ భాషలో ఆయనకు నటజీవితం లేదు. అందుకే ‘ఆయన ఏ దేశం నటుడు?’ అని ఎవరైనా అడిగితే నేను జర్మన్ భాషా నటుడు అనే అంటాను. నటుడి దేశం ఆయన పలికిన వాక్యాలను బట్టి లెక్కించాలి.

వినాలనుకుంటే జర్మన్ కవి గ్యోథే కవిత ‘ఎర్ల్‌కోనిగ్’ను ఆయన చదివిన పాత గ్రామఫోన్ రికార్డుతో మొదలుపెట్టండి. తండ్రి, జ్వరంతో ఉన్న బిడ్డ, బిడ్డను పిలిచే మాయరాజు, కథ చెప్పేవాడు, నాలుగు స్వరాలు ఒకే గొంతులో. మొదటిసారి విన్నప్పుడు అతిగా అనిపిస్తుంది, నవ్వు కూడా రావచ్చు. రెండోసారి అర్థాన్ని పక్కన పెట్టి, ఆయన ఎక్కడ ఊపిరి పీలుస్తున్నారో మాత్రమే గమనించండి. జర్మన్ రాకపోయినా ఫరవాలేదు. తర్వాత అదే కవితను వేరే జర్మన్ నటుడెవరైనా చదివినది విని, రెండింటిలో మాటల చివరలు ఎలా ముగుస్తున్నాయో పోల్చి చూడండి. పైన నేను చెప్పిన అచ్చుల సంగతి అక్కడ మీ చెవికే తెలుస్తుంది.